కొండలెక్కి భూమిని తూచిన కథ

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల ప్రాంతాన్ని ప్రజలు నడిగడ్డ అంటారు. కృష్ణ దాటి తూర్పుగా వనపర్తి వైపు పోతే చేల మధ్య గుండ్రని రాతిగుట్టలు కనిపిస్తాయి. ఇంకా తూర్పున నాగర్‌కర్నూలు సీమ దాటిన తరువాత నేల ఒక్కసారిగా లేచి, బల్లపరుపు తలతో నల్లమల కొండలు ఎదురవుతాయి. ఈ మూడు పట్టణాలు ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11 నుంచి మూడు వేరు జిల్లాలకు కేంద్రాలైనవి.

ఇక్కడి కొండలను మనుష్యులు ఎందరో, ఎన్నో కారణాలతో ఎక్కారు. ఉమామహేశ్వరానికి, సలేశ్వరానికి భక్తులు వెళ్తారు. ఖిల్లా ఘనపురం, పానగల్లు కొండలను దుర్గాలు కట్టినవారు ఎక్కారు. తేనె కోసం, దుంపల కోసం చెంచులు నల్లమల అంతటా తిరిగారు. కాని ఈ కారణాలలో చేరని మరొక కారణం కూడా ఉన్నది. భూమి ఆకారమెంత, బరువెంత అని తెలుసుకొనడానికి కొందరు కొండలెక్కారు. ఆ కథ స్కాట్లండులోని ఒక నిటారు కొండ మీద మొదలై, గద్వాల వనపర్తుల పరిసరాల మీదుగా సాగి, హిమాలయాల పాదంలో ఒక వింత మలుపు తిరిగినది.

కొండ గుండును లాగునా?

మేస్త్రీ గోడ కట్టేటప్పుడు దారానికి ఒక గుండు కట్టి వేలాడదీస్తాడు. దారం నిలువుగా నిలిస్తే గోడ నిలువుగా ఉన్నట్లు లెక్క. దీనినే పుస్తకాలలో లంబసూత్రం అంటారు. గుండును కిందికి లాగేది భూమి ఆకర్షణ. అయితే న్యూటను చెప్పిన సూత్రం ప్రకారం లోకంలోని ప్రతి వస్తువూ ప్రతి ఇతర వస్తువునూ లాగుతుంది. అట్లయితే పక్కనే ఉన్న పెద్ద కొండ కూడా గుండును తన వైపు లాగవలెను కదా? దారం కొద్దిగా కొండ వైపు ఒరగవలెను కదా?

న్యూటనే ఈ సంగతి ఆలోచించాడు. కాని ఆ వంపు చాలా స్వల్పం, దానిని కొలవడం సాధ్యం కాదని తలచాడు. 1738లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు బుగేరు, లా కొండమీను దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతం మీద చలికీ మంచుకూ ఓర్చి ఈ ప్రయోగం చేశారు. గుండు కొంచెం వంగినట్లు కనిపించినది గాని, ఆ కొలత మీద నమ్మకం పెట్టుకొనడానికి వీలు లేకపోయినది. ఇంతకన్న అనువైన కొండ కావలెనని బుగేరు కోరాడు.

ఆ వంపు ఎంత చిన్నదో తెలియాలంటే కోణాల కొలత గుర్తు చేసుకోవాలి. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక కళ. కళను 60 భాగాలు చేస్తే ఒక వికళ. అనగా డిగ్రీలో 3,600వ వంతు ఒక వికళ. కొండ కలిగించే వంపు కొద్ది వికళలు మాత్రమే.

షిహాలియన్

లండనులోని రాయల్ సొసైటీ అనువైన కొండను వెతకడానికి 1773లో ఛార్లెస్ మేసన్‌ను పంపినది. అమెరికాలో మేసన్ డిక్సన్ రేఖను కొలిచినవాడు ఇతడే. ఆ వేసవి అంతా తిరిగి ఇతడు స్కాట్లండు నడుమ ఉన్న షిహాలియన్ అనే కొండను ఎన్నుకొన్నాడు. దాని ఎత్తు 1,083 మీటర్లు, అనగా సుమారు 3,550 అడుగులు. ఎత్తులో అది గొప్పది కాదు. కాని అది ఒంటరి కొండ. చుట్టుపక్కల దానిని అడ్డుకొనే ఇతర కొండలు దగ్గరగా లేవు. తూర్పు పడమరలుగా సాగిన వెన్ను, ఉత్తర దక్షిణాల వైపు నిటారైన పక్కలు. అందువలన కొండ రాశికి బాగా దగ్గరగా రెండు వైపులా నిలబడి కొలవవచ్చును.

ఈనాడు ఈ కొండను ఎక్కడం ఒక రోజు పని. తూర్పు కొసన కింద నుంచి బయలుదేరినవారు సుమారు 750 మీటర్ల ఎత్తు ఎక్కవలెను; పోయి రావడానికి ఐదారు గంటలు పడుతుంది. మొదట గడ్డి, పొదలు. పైకి పోయిన కొద్దీ తెల్లని బండరాళ్ళ కుప్పలు. ఇదే శిఖరమని ఎక్కితే దాని వెనుక మరొకటి కనిపిస్తుంది. ఆ తెల్లరాయి క్వార్ట్‌జైటు. పూర్వం ఇసుకగా పేరుకొని, అడుగున ఒత్తిడికీ వేడికీ గట్టిపడి రాయి అయినది. నల్లమలలో అమ్రాబాదు, శ్రీశైలం పరిసరాల పీఠభూమి మీద పరచుకొన్న రాయి కూడా క్వార్ట్‌జైటే. ఫరహాబాదు అంచున నిలబడినవారి కాలి కింది రాయీ, షిహాలియన్ ఎక్కినవారి కాలి కింది రాయీ ఒకే జాతివి.

నక్షత్రాల లెక్క, నేల లెక్క

ప్రయోగం చేయడానికి మేసన్ ఒప్పుకొనలేదు. అప్పుడు రాజ ఖగోళశాస్త్రజ్ఞుడైన నెవిల్ మాస్కెలీనే స్వయంగా 1774 వేసవిలో కొండకు చేరాడు. కొండ నడుమ ఎత్తులో మొదట దక్షిణపు పక్కనా, తరువాత ఉత్తరపు పక్కనా వేధశాల నిలిపాడు. ఆయన సాధనం పది అడుగుల పొడవైన ఒక దూరదర్శిని. నడినెత్తిన ఉన్న బిందువు నుంచి నక్షత్రం ఎంత కోణంలో దాటిపోతున్నదో దానితో కొలుస్తారు. నడినెత్తి ఎక్కడ అనేది నిర్ణయించేది లంబసూత్రమే.

యుక్తి ఇది. ఒక తావు అక్షాంశాన్ని నక్షత్రాలను బట్టి తెలుసుకోవచ్చును. రెండు తావుల మధ్య అక్షాంశాల తేడాను నేల మీద దూరం కొలిచి కూడా తెలుసుకోవచ్చును. కొండ గుండును లాగకపోతే రెండు లెక్కలూ ఒకటే కావలెను. లాగితే, దక్షిణపు పక్కన గుండు ఉత్తరానికీ, ఉత్తరపు పక్కన దక్షిణానికీ ఒరుగుతుంది. అప్పుడు నక్షత్రాల లెక్క నేల లెక్క కన్న పెద్దదిగా వస్తుంది. ఆ హెచ్చే కొండ ఆకర్షణ.

వినడానికి తేలికగా ఉన్నది గాని, ఆ సంవత్సరం వాన, మంచు వదలలేదు. నక్షత్రం కనిపించే రాత్రి కోసం రోజుల తరబడి కాచుకొనవలసి వచ్చినది. అయినా 43 నక్షత్రాలను 337 సార్లు పరిశీలించారు. నక్షత్రాలను బట్టి తేడా సుమారు 54.6 వికళలు, నేల కొలతను బట్టి సుమారు 43 వికళలు. హెచ్చు 11.6 వికళలు. అనగా ఒక్కొక్క పక్కన వంపు సుమారు 5.8 వికళలు. ఒక కిలోమీటరు పొడవు దారం వేలాడదీయగలిగితే, దాని కొసన గుండు మూడు సెంటీమీటర్లకు కొంచెం తక్కువగా పక్కకు జరుగుతుంది. పది అడుగుల సాధనంలో ఆ జరుగుదల మిల్లీమీటరులో పదవ వంతు కూడా లేదు. వానలో, గుడిసెలో కూర్చుండి మాస్కెలీన్ పట్టుకొన్నది దానిని. కొండ గుండును లాగుతుందని రుజువైనది.

పని ముగిసిన రాత్రి అందరూ చేరి విందు చేసుకొన్నారనీ, ఆ సందడిలో గుడిసె అంటుకొని ఒక స్థానిక వాద్యకారుని ఫిడేలు కాలిపోయినదనీ, మాస్కెలీన్ లండను నుంచి అతనికి మరొక ఫిడేలు పంపాడనీ ఆ సీమలో చెప్పుకొంటారు.

కొండను తూచడం

ఇక్కడితో పని పూర్తి కాలేదు. కొండ ఇంత లాగుతున్నది, భూమి అంత లాగుతున్నది. ఈ రెంటి నిష్పత్తి తెలిసినది. కొండ బరువు తెలిస్తే భూమి బరువు తెలుస్తుంది. కాని వంకరటింకర కొండ ఘనపరిమాణం కట్టడమెట్లా?

ఈ భారం గణిత శాస్త్రజ్ఞుడు ఛార్లెస్ హట్టన్ తీసుకొన్నాడు. కొండ మీద ఎన్నో తావుల ఎత్తులు ఆయన ముందుకు వచ్చినవి. పటం మీద అంకెలు చీమల బారులవలె నిండిపోయినవి. అప్పుడు ఆయన సమానమైన ఎత్తులు గల తావులన్నిటినీ ఒక గీతతో కలిపాడు. వెంటనే కొండ రూపం పటం మీద తేటపడినది. ఈనాడు భూగోళం చదివే ప్రతి విద్యార్థి ఎరిగిన సమోన్నత రేఖలు అవే. సముద్రపు లోతులు చూపడానికి అటువంటి గీతలు అంతకు ముందే కొందరు వాడినా, కొండను లెక్కించడానికి వాటిని ఇంత విరివిగా వాడిన ఖ్యాతి హట్టన్‌దే.

1778లో హట్టన్ ఫలితం ప్రకటించాడు. భూమి సగటు సాంద్రతకూ, కొండ సాంద్రతకూ నిష్పత్తి 9 కి 5. కొండరాయి నీటికన్న రెండున్నర రెట్లు బరువని అనుకొంటే, భూమి నీటికన్న నాలుగున్నర రెట్లు బరువు. 1798లో కావెండిషు ప్రయోగశాలలోనే సీసపు గోళాలతో కొలిచి 5.45 రెట్లు అని తేల్చాడు. ఈనాటి విలువ 5.51. హట్టన్ అంకె కొంత తక్కువైనా, దాని వెనుక ఉన్న భావం గొప్పది. పైన కనిపించే రాయి కన్న భూమి మొత్తం చాలా బరువైతే, లోపల రాయికన్న బరువైన పదార్థం, బహుశా లోహం ఉండవలెను. భూగర్భం డొల్ల అనే ఊహకు ఇక తావు లేకపోయినది.

స్కాట్లండు నుంచి వంగదేశానికి

షిహాలియన్ నేలను కొలిచినవారిలో రూబెన్ బరో ఒకడు. ఎండలో వానలో గొలుసు లాగి, కోణాలు కొలిచిన శ్రమలో పెద్ద పాలు ఇతనిది. తగిన గుర్తింపు రాలేదని ఇతడు కినుక వహించాడు. కొన్ని సంవత్సరాల తరువాత భారతదేశానికి వచ్చి, వంగదేశంలో ఇంజనీర్లకు గణితం బోధించాడు. సంస్కృతం నేర్చుకొన్నాడు. ద్విపద సిద్ధాంతం హిందువులకు తెలుసునని వాదిస్తూ 1790లో ఒక వ్యాసం ప్రకటించాడు. 1790–91లో కర్కటరేఖ దగ్గర అక్షాంశపు డిగ్రీ పొడవు కొలిచి, 1792లో బక్సారులో మరణించాడు. మన దేశంలో భూమి ఆకారం కోసం జరిగిన తొలి కొలతలలో ఇది ఒకటి. దానిని చేసినది షిహాలియన్ ఎక్కిన కాళ్ళే.

నడిగడ్డ మీదుగా

ఆ పనిని పెద్ద ఎత్తున చేసినవాడు విలియం లాంబ్టన్. శ్రీరంగపట్నం యుద్ధం 1799లో ముగిసిన తరువాత, దక్షిణాది అంతటినీ త్రిభుజాలతో కొలవవలెనని ఇతడు సూచించాడు. 1802 ఏప్రిల్ 10న మద్రాసులో పరంగిమల దగ్గర సుమారు ఏడున్నర మైళ్ళ ఆధార రేఖను నూరడుగుల ఉక్కు గొలుసుతో కొలవడం ఆరంభించాడు. ఒక త్రిభుజంలో ఒక భుజమూ, కోణాలూ తెలిస్తే తక్కిన భుజాలు లెక్క కట్టవచ్చును. తేలిన భుజం మీద మరొక త్రిభుజం, దాని మీద ఇంకొకటి. ఇట్లా గొలుసు సాగుతుంది. దానికి కావలసినది ఒకదాని నుంచి ఒకటి కనిపించే ఎత్తైన తావులు. దక్కనులోని ఒంటరి రాతిగుట్టలు అందుకు చక్కగా సరిపోయినవి.

ఉత్తర దక్షిణాలుగా సాగిన ముఖ్యమైన గొలుసుకు మహా చాపం అని పేరు. అది 78వ రేఖాంశానికి సమీపంగా, దానికి కొద్దిగా పడమరగా నడిచినది. గద్వాల పట్టణం ఆ రేఖాంశానికి కొంచెం పడమర. వనపర్తి కొంచెం తూర్పు. 1811లో గుత్తి దగ్గర ఒక ఆధార రేఖనూ, 1815లో బీదరు దగ్గర మరొక ఆధార రేఖనూ కొలిచారు. ఈ రెంటి మధ్య త్రిభుజాలు తుంగభద్రను, కృష్ణను దాటవలసినదే. గద్వాల, వనపర్తి అప్పుడు నిజాం ఏలుబడిలోని సంస్థానాలు.

పని ఎంత కష్టమో ఊహించవచ్చును. కోణాలు కొలిచే పెద్ద థియొడొలైటు బరువు సుమారు అర టన్ను. దానిని మనుష్యులే భుజాల మీద గుట్ట పైకి మోసారు. మరొక గుట్ట మీద జెండా పట్టుకొన్న మనిషి ఎండలో రోజుల తరబడి నిలబడ్డాడు. వానల తరువాత గాలి తేటగా ఉండి దూరం బాగా కనిపిస్తుంది. కనుక వానకాలమే కొలతలకు అనువైన కాలం. అడవిజ్వరాలకూ అదే కాలం. 1818లో హైదరాబాదుకు వచ్చి లాంబ్టన్ దగ్గర చేరిన జార్జి ఎవరెస్టును మరుసటి సంవత్సరం కృష్ణా గోదావరుల మధ్య అడవులకు పంపారు. అక్కడ ఎవరెస్టుతోపాటు బృందమంతా జ్వరపడినది. కొందరు ప్రాణాలు విడిచారు. ఎవరెస్టు పేరు ప్రపంచంలోకెల్ల ఎత్తైన శిఖరానికి 1865లో పెట్టారు. గొలుసు లాగి, జెండా పట్టి, జ్వరంతో పోయిన ఖలాసీల పేర్లు ఏ కొండకూ లేవు. లాంబ్టన్ కూడా పనిలో ఉండగానే 1823 జనవరి 20న హింగన్‌ఘాటులో మరణించాడు.

లెక్కకు అందని 5 వికళలు

మాస్కెలీన్‌కు ఫలితమైనది లాంబ్టన్‌కు దోషమైనది. ఇది ఈ కథకు కీలకం. చాపం మీద ఒక్కొక్క ముఖ్యస్థానం అక్షాంశాన్ని నక్షత్రాలను బట్టి కట్టవలెను. అందుకు గుండు నిజంగా నిలువుగా నిలవవలెను. పక్కన కొండ ఉంటే అది నిలవదని షిహాలియన్ నేర్పినది. బెంగుళూరు సమీపంలోని ఒక స్థానంలో లెక్క కలవనప్పుడు, నేల అడుగున బరువైన ఖనిజమేదో గుండును లాగిందేమోనని లాంబ్టన్ అనుమానించాడు. అనగా కొండే ఉండనక్కరలేదు. కనిపించని రాయి కూడా లాగవచ్చును.

ఎవరెస్టు చాపాన్ని డెహ్రాడూను వరకు కొనసాగించి 1841లో ముగించాడు. మధ్య భారతంలోని కల్యాణపురం, హిమాలయాల వైపున్న కలియానా అనే రెండు స్థానాల మధ్య అక్షాంశాల తేడాలో నేల లెక్కకూ నక్షత్రాల లెక్కకూ 5.236 వికళలు కుదరలేదు. నేల మీద అది సుమారు 160 మీటర్లు. అంత జాగ్రత్తగా కొలిచిన పనిలో అది పొరపాటుగా వదలివేయరానిది.

కలకత్తాలోని క్రైస్తవ మతాధికారి, గణితజ్ఞుడు జాన్ ప్రాట్ దీనికి హిమాలయాల ఆకర్షణ కారణమని తలచాడు. ఆ పర్వతాల రాశిని లెక్క కట్టి, గుండు ఎంత వంగవలెనో చూశాడు. లెక్కలో వచ్చినది 15.885 వికళలు! కనిపించినది దానిలో మూడవ వంతు మాత్రమే. వంపు ఎందుకున్నదని బయలుదేరిన ప్రశ్న, వంపు ఎందుకింత తక్కువ అని తిరగబడినది.

1855లో జార్జి ఎయిరీ దీనికి సమాధానం సూచించాడు. మాస్కెలీన్ కూర్చున్న రాజ ఖగోళశాస్త్రజ్ఞుని పీఠంలోనే అప్పుడు ఎయిరీ ఉండడం గమనించదగినది. నీటిలో తేలే దుంగ ఎంత లావైతే అంత లోతుగా మునుగుతుంది. అట్లాగే ఎత్తైన పర్వతం కింద తేలికైన రాయి వేరువలె లోతుగా దిగి, బరువైన అడుగు పొరను పక్కకు నెట్టి ఉంటుంది. పైన హెచ్చిన బరువుకు అడుగున తగ్గిన బరువు ఇంచుమించు సరిపోతుంది. అందువలన ఆకర్షణ అనుకొన్నంత ఉండదు. ప్రాట్ 1859లో మరొక తీరున, పర్వతాల కింది రాయి సాంద్రతే తక్కువని చెప్పాడు. ఈ రెండు భావాలలోనూ సత్యమున్నదని ఈనాటి శాస్త్రం చెబుతున్నది. పర్వతాలు భూమి మీద పెట్టిన బరువులు కావు, తేలుతున్న తెప్పలు అనే ఈ విషయానికి సమస్థితి సిద్ధాంతమని పేరు. షిహాలియన్ చిన్నది కనుక భూమి పెంకు బలమే దానిని మోస్తున్నది. హిమాలయాన్ని అట్లా మోయడం పెంకుకు అలవి కాదు.

మన గుట్ట మీద ఒక రోజు

ఈనాడు గుండుకు బదులు సున్నితమైన గురుత్వమాపకాలు వచ్చినవి. 1961లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1975లో భారతదేశపు గురుత్వ పటాలు ప్రకటించినది. నేల అడుగున బరువైన రాయి ఎక్కడ, తేలికైన రాయి ఎక్కడ అని అవి తెలుపుతాయి. లాంబ్టన్ అనుమానమే ఒక శాస్త్రసాధనమైనది.

విద్యార్థులు ఈ చరిత్రను కాళ్ళతో కూడా చదువుకోవచ్చును. ఉపాధ్యాయుడు తోడుగా, చల్లని వేళ, తమ ఊరి దగ్గరి సురక్షితమైన ఒక గుట్టను ఎంచుకోవలెను. నల్లమల అడవిలోనైతే అటవీశాఖ అనుమతి తప్పదు. కోణమానినికి దారం కట్టి, కొసన ఒక చిన్న ఇనుప నట్టు వేలాడదీస్తే ఎత్తు కోణం కొలిచే సాధనం సిద్ధమవుతుంది. సమతలం మీద కొంత దూరం టేపుతో కొలిచి, రెండు కొసల నుంచీ శిఖరపు కోణం చూస్తే గుట్ట ఎత్తు లెక్కకు వస్తుంది. గాలి ఒత్తిడి చూపే సాధనం, అది ఉన్న సెల్‌ఫోనైనా సరే, వెంట ఉంటే ఈ ప్రాంతంలో ఒక మిల్లీబారు తగ్గినప్పుడల్లా సుమారు 9 మీటర్లు ఎక్కినట్లు. సమానమైన ఒత్తిడి చూపిన తావులను పటం మీద కలిపితే హట్టన్ గీతలు వారి చేతనే వస్తాయి.

మరి ఆ గుట్ట గుండును ఎంత లాగును? నూరు మీటర్ల ఎత్తు గల గుట్ట అర్ధగోళాకారంలో ఉన్నదనీ, రాయి నీటికన్న 2.65 రెట్లు బరువనీ అనుకొంటే, దాని పాదం దగ్గర వంపు సుమారు 0.8 వికళ. పది మీటర్ల దారం కట్టినా గుండు మిల్లీమీటరులో ఇరవై అయిదవ వంతు మాత్రమే జరుగుతుంది. తొమ్మిది పది తరగతుల విద్యార్థులు న్యూటను సూత్రంతో ఈ లెక్కను తామే చేసి చూడవచ్చును. కంటికి కనిపించదు, అయినా గుండు జరుగుతూనే ఉన్నది. దానిని ఎవరూ పట్టించుకొనకపోతే చాపం తప్పుతుంది. పట్టుకొన్నవారికి భూమి బరువే తెలిసినది.